భర్మారు కొనేముందు

భర్మారు అన్న మాటలోనే ఆ తుపాకీ పనంతా ఇమిడి ఉంది. ‘భర్’ అంటే నింపు, ‘మార్’ అంటే కొట్టు. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించి, ఆ తర్వాత పేల్చాలి. ఇంగ్లీషు పేరు మజిల్ లోడర్. లైసెన్సు కాగితాల్లో ఎస్‌బీఎంఎల్ అని రాస్తారు. ఒక గొట్టం ఉండి మూతి నుంచి నింపే తుపాకీ అని దాని అర్థం.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల్లో ఈ మాట వింటే పెద్దలకు సాయుధ పోరాటం గుర్తొస్తుంది. ఈ తరం రైతుకు అడవి పంది గుర్తొస్తుంది. వేరుశనగ ఊడలు దిగే వేళకో, మక్క కంకి పాలు పోసుకునే వేళకో పందుల మంద రాత్రికి రాత్రి మడిని దున్నేసి పోతే, తెల్లారి గట్టు మీద కూర్చున్న మనిషి నోట వచ్చే మాట ఒకటే: “ఒక భర్మారు ఉంటే బాగుండు. ఎంతకొస్తది?”

ఆ ప్రశ్న సహజమే. కానీ ధర దగ్గర మొదలుపెడితే ఈ బేరం చెడుతుంది. తుపాకీ దేనికి, ఏ కాగితం మీద, పేల్చడం ఎవరి దగ్గర నేర్చుకుంటారు అన్న మూడింటికీ జవాబు దొరికాకే ధర మాట. ఆ వరుసలోనే చూద్దాం.

ఈ నేల మీద భర్మారు

1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు ఒరిగేనాటికి సంఘం వాళ్ల చేతుల్లో ఉన్నవి కర్రలు, వడిసెలలు, కారప్పొడి. 1947 సెప్టెంబరు 11న సాయుధ పోరుకు పిలుపు వచ్చాక గడీల నుంచి, పటేళ్ల ఇళ్ల నుంచి గుంజుకున్న ఆయుధాల్లో భర్మార్లు ఎక్కువ. సూర్యాపేట తాలూకా కరివిరాలకు చెందిన భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం ఆ దళాల చరిత్రలో నిలిచిన పేర్లు. 2022 మార్చి 19న కన్నుమూసిన స్వరాజ్యం ఆత్మకథ పేరే ‘నా మాటే తుపాకీ తూటా’. 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగేదాకా ఈ పల్లెల్లో భర్మారు తెలియని ఇల్లు అరుదు.

ఆ కథలు వింటూ పెరిగినవాళ్లకు భర్మారు అంటే ఘనమైన ఆయుధం అనిపిస్తుంది. నిజానికి వాళ్లు దాన్ని ఎంచి తీసుకోలేదు, చేతికి అందింది కాబట్టి పట్టారు. ఒకసారి పేల్చాక మళ్లీ నింపేలోపు ఎదుటివాడు మీద పడతాడు. అందుకే దొరికిన చోటల్లా తూటాల తుపాకుల కోసం వెతికారు. ఇప్పుడు కొనేవాడికి ఎంచుకునే వీలుంది. ఆ వీలును సరిగ్గా వాడుకోవాలంటే ముందు ఈ తుపాకీ ఎలా పనిచేస్తుందో తెలియాలి.

నింపు, దట్టించు, పేల్చు

ఇప్పటి తుపాకుల్లో మందు, గుండు, నిప్పు రాజేసే భాగం మూడూ ఒకే తూటాలో ఉంటాయి. భర్మారులో ఆ మూడూ విడివిడిగా ఉంటాయి. సూరేకారం, గంధకం, బొగ్గు కలిసిన నల్లమందును కొలిచి మూతిలో పోయాలి. దాని మీద గుండో రవ్వలో వేసి, కడ్డీతో అడుగుదాకా దిగేలా నొక్కాలి. ఆఖరున నిప్పు అందించే ఏర్పాటు చేసుకోవాలి.

ఈ నిప్పు అందించే పద్ధతిని బట్టే భర్మార్లలో రకాలు ఏర్పడ్డాయి. అన్నిటికన్నా పాతది ఒత్తు తుపాకీ. వెలుగుతున్న తాడును మందుకు తాకిస్తారు. తర్వాతది చెకుముకి తుపాకీ. రాయి ఉక్కుకు కొట్టుకుని రాలిన రవ్వ పళ్లెంలోని మందును అంటిస్తుంది. మూడోది క్యాపు తుపాకీ. దెబ్బ తగిలితే మండే మసాలా ఉన్న చిన్న రాగి టోపీని నిపుల్ అనే మొన మీద తొడుగుతారు. హ్యామర్ దాని మీద పడగానే నిప్పు గొట్టంలోకి దూకుతుంది. దెబ్బతో మండే రసాయనాన్ని తుపాకీకి వాడవచ్చని 1807లో పేటెంటు తీసుకున్నది స్కాట్లాండుకు చెందిన మతబోధకుడు అలెగ్జాండర్ ఫోర్సైత్. రాగి టోపీ రూపం ఆ తర్వాతి ఇరవై ఏళ్లలో స్థిరపడింది.

మొదటిసారి కొనేవాడికి ఈ మూడింటిలో క్యాపు తుపాకీయే తగినది. చెకుముకి తుపాకీ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ, పళ్లెంలో మందు అంటుకోవడానికీ గుండు బయలుదేరడానికీ మధ్య చిన్న ఎడం ఉంటుంది. ఆ ఎడంలో కొత్తవాడి చేయి కదులుతుంది. పైగా మన వానాకాలపు చెమ్మలో పళ్లెంలోని మందు తడిసి ఊరుకుంటుంది. క్యాపు తుపాకీకి ఈ బాధలు తక్కువ.

నునుపు గొట్టమా, రైఫిలా?

తుపాకులన్నిటినీ రైఫిల్ అనడం మనకు అలవాటు. గొట్టం లోపలి గోడ మీద మరలాగా మెలి తిరిగిన గాడులు ఉంటేనే అది రైఫిల్. ఆ గాడుల వల్ల గుండు బొంగరంలా తిరుగుతూ పోతుంది, గురి తప్పదు. గాడులు లేకపోతే నునుపు గొట్టం. అందులో నుంచి ఒక గుండునూ పంపవచ్చు, గుప్పెడు రవ్వలనూ పంపవచ్చు. కానీ యాభై మీటర్లు దాటితే ఒంటి గుండు ఎటు పోతుందో నమ్మకం ఉండదు.

మూతి నుంచి నింపే రైఫిల్‌కు ఒక పాత చిక్కు ఉంది. గాడుల్లో బిగుతుగా కూర్చునే గుండును పైనుంచి దిగగొట్టడానికి చాలా సమయం పట్టేది. ఫ్రెంచి సైనికాధికారి మినియే 1849లో రూపొందించిన గుండు దీనికి విరుగుడు. అది వదులుగా లోపలికి జారుతుంది, పేలినప్పుడు దాని అడుగు విచ్చుకుని గాడులను పట్టుకుంటుంది. ఆ సూత్రం మీద తయారైన 1853 ఎన్‌ఫీల్డ్ రైఫిలే మన దేశ చరిత్రను కదిలించింది. దాని మందు పొట్లాన్ని పంటితో చింపి గొట్టంలో పోయాలి. ఆ పొట్లానికి ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న మాట 1857లో సిపాయిల తిరుగుబాటుకు నిప్పయింది. మనం పాఠాల్లో చదివిన ఆ ‘తూటాల’ కథ నిజానికి ఒక భర్మారు రైఫిల్ కథ.

అమెరికాలో కొత్తవాళ్లు కొనేది ఎక్కువగా రైఫిల్ గొట్టమే. అర అంగుళం గొట్టం, అంటే పాయింట్ 50 కాలిబర్, అక్కడ మొదటి తుపాకీగా అందరూ చెప్పే కొలత. మన దగ్గర లైసెన్సు మీద అమ్మే భర్మార్లు దాదాపు అన్నీ నునుపు గొట్టంవి. పంట కాపలాకు అదే చాలు. ఇరవై ముప్పై మీటర్ల దూరంలో గట్టు మీద నిలబడి చూసేవాడికి రైఫిల్ దూరం లాభం కన్నా ప్రమాదం. గురి తప్పిన గుండు సాగర్ ఎడమ కాలువ కట్ట దాటి ఎవరి మడిలో ఎవరికి తగులుతుందో తెలియదు.

చట్టంలో దీని చోటు

1959 ఆయుధాల చట్టం భర్మారును ప్రత్యేకంగా తలుచుకుంది. ఆ సంగతి చాలామంది రైతులకు తెలియదు. 13వ సెక్షన్ ప్రకారం, నిజంగా పంట కాపలా కోసం మూతి నుంచి నింపే తుపాకీ కావాలని పౌరుడు అడిగితే, చట్టంలోని ఇతర అభ్యంతరాలు లేనప్పుడు, అధికారి లైసెన్సు ఇవ్వాలి. మిగతా చాలా తుపాకులకు మాత్రం సరైన కారణం ఉందని అధికారిని ఒప్పించుకోవాలి. పంట కాపలాకు భర్మారు సరిపోదని అధికారికి అనిపిస్తే వేరే నునుపు గొట్టం తుపాకీకి అనుమతించే వీలు కూడా అదే సెక్షన్‌లో ఉంది.

కౌలు రైతులు గుర్తుంచుకోవాల్సిన మాట 14వ సెక్షన్‌లో ఉంది. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదు. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. ప్రజాప్రయోజనం దృష్ట్యా చెప్పకూడదని అధికారి భావించిన సందర్భాలు మాత్రం దీనికి మినహాయింపు. నిరాకరణ మీద అప్పీలుకు 18వ సెక్షన్ దారి చూపుతుంది.

అడిగేవాడికి 21 ఏళ్లు నిండాలి. 2016 ఆయుధాల నియమాల ప్రకారం ఎ-1 ఫారంలో దరఖాస్తు పెట్టాలి, ఆయుధ భద్రతా శిక్షణ తీసుకున్న పత్రం చూపాలి. పోలీసు విచారణ నివేదిక వచ్చాకే అధికారి నిర్ణయం తీసుకుంటారు. లైసెన్సు వచ్చాక దాని మీద దేశమంతటికీ కలిపి ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య వేస్తారు. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది.

ఏ తుపాకీ, ఎంత మందు, ఎన్ని క్యాపులు, ఏ ప్రాంతంలో, ఏ పనికి అన్నది లైసెన్సులోనే రాసి ఉంటుంది. ఆ గీత దాటితే లైసెన్సు ఉన్నా నేరమే. పెళ్లి ఊరేగింపులో సంబరానికి ఒకటి పేలిస్తే, ఎవరి ప్రాణానికైనా ముప్పు తెచ్చేలా నిర్లక్ష్యంగా కాలిస్తే, రెండేళ్ల దాకా జైలో, లక్ష రూపాయల దాకా జరిమానానో, రెండూనో పడవచ్చు. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు ఆయుధాలు ఠాణాలో జమ చేయమని ఆదేశాలు వస్తాయి. పంట చేతికొచ్చే కాలంలోనే ఎన్నికలొస్తే తుపాకీ ఇంట్లో ఉండదు. ఈ లెక్క కూడా ముందే వేసుకోవాలి.

లైసెన్సు వేరు, పందిని కాల్చడం వేరు

అన్నిటికన్నా ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. తుపాకీ పెట్టుకునే హక్కు ఒక చట్టం ఇస్తుంది. జంతువును చంపడానికి అనుమతి మరో చట్టం కింద రావాలి. అడవి పంది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉంది. అది పంటను నాశనం చేస్తున్నా, ఆ చట్టం 11వ సెక్షన్ కింద అధికారం ఉన్నవారి రాతపూర్వక అనుమతి లేకుండా చంపకూడదు. తెలంగాణలో పందుల బెడద పెరిగాక సర్పంచులకు ఈ అనుమతి అధికారం అప్పగించారు. అప్పుడు కూడా కాల్చాల్సింది గుర్తింపు పొందిన షూటర్లే. చంపిన జంతువు ప్రభుత్వ ఆస్తి. ఆ మాంసం ఇంటికి తెచ్చుకున్నా, పంచుకున్నా కేసు.

సాగర్ వైపు అడవి అంచు ఊళ్లవాళ్లకు ఇంకో మెలిక ఉంది. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు కొత్త తుపాకీ లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు సమ్మతి ఉండాలి. పాత లైసెన్సులున్నవాళ్లు కూడా అటవీ శాఖ దగ్గర నమోదు చేయించుకోవాలి.

మరి తుపాకీ ఎందుకు అని అడగవచ్చు. గాలిలోకి పేల్చిన చప్పుడుకు పందులు బెదిరి పోతాయన్నది నిజం. అయితే వారం తిరిగేసరికి అవి ఆ చప్పుడుకు అలవాటు పడతాయన్నది కూడా నిజం. పంట కాపలాలో భర్మారు చివరి అంచె. మొదటి అంచె కంచె. చేను చుట్టూ పాత చీరలు కట్టడం, చేపల వల దించడం, తక్కువ శక్తి షాకుతో ఆగి ఆగి కొట్టే సోలార్ కంచె పెట్టడం ఈ ప్రాంతంలో అందరికీ తెలిసినవే. వీటి కోసం ఎవరినీ లైసెన్సు అడగనక్కర లేదు. స్తంభం నుంచి నేరుగా కరెంటు తీగ లాగడం మాత్రం వద్దు. అది పందితో పాటు పొద్దున్నే నీళ్లు పెట్టడానికి వచ్చిన మనిషినీ చంపుతుంది.

అంగట్లో ఏం చూడాలి

ఇవన్నీ దాటి, లైసెన్సు చేతికొచ్చి, తుపాకీ తప్పదనుకున్నవాడు ఇప్పుడు అంగడి మెట్లెక్కవచ్చు. ఆయుధాల అమ్మకానికి లైసెన్సు ఉన్న దుకాణమే కావాలి. మన దేశంలో ఇలాంటి తుపాకులు తయారుచేసే చిన్న కార్ఖానాలకు బీహారులోని ముంగేర్, అటు జమ్మూ పేరు మోసినవి. అయితే ఊరి పేరు చూసి కొనేయకూడదు. ఏ ఊరి సరుకైనా పరీక్ష ఒకటే.

మొదట గుర్తులు చూడాలి. గొట్టం మీద తయారీదారు పేరు, క్రమసంఖ్య, ప్రూఫ్ పరీక్ష ముద్ర స్పష్టంగా ఉండాలి. ప్రూఫ్ పరీక్ష అంటే మామూలు కన్నా ఎక్కువ మందు పెట్టి పేల్చి గొట్టం తట్టుకుంటుందో లేదో చూడటం. ఈ ముద్ర లేని గొట్టాన్ని ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు. అంకెలు గీరేసి ఉంటే చేతిలోకి కూడా తీసుకోవద్దు. గుర్తులు చెరిపిన తుపాకీ ఎవరి దగ్గర ఉంటే, కాదని రుజువయ్యేదాకా వాళ్లే చెరిపారని ఆయుధాల చట్టం 8వ సెక్షన్ లెక్కగడుతుంది.

తర్వాత గొట్టం. కొనేముందు అది ఖాళీగా ఉందో లేదో తేల్చుకునే పాత ఉపాయం ఒకటి ఉంది. కడ్డీని మూతిలోంచి అడుగు తగిలేదాకా దింపి, మూతి దగ్గర వేలితో పట్టుకుని పైకి తీయాలి. అదే కడ్డీని గొట్టం పక్కన బయట ఆనించి చూస్తే, దాని కొస నిపుల్ దగ్గరికి రావాలి. నాలుగు వేళ్ల దూరంలోనే ఆగిపోతే లోపల ఏదో ఉంది. అది మందే అనుకోవాలి. ఏ భర్మారు చేతికొచ్చినా, అది తాతల నాటి గోడ తుపాకీ అయినా, ముందు ఈ పరీక్ష చేయాలి.

ఖాళీ అని తేలాక చిన్న దీపం లోపలికి దింపి చూడాలి. లోపలి గోడ మీద తుప్పు గుంటలు, ఉబ్బులు, చీలికలు ఉండకూడదు. హ్యామర్‌ను సగం ఎత్తి ఆపితే అక్కడే నిలవాలి. ట్రిగ్గర్ మీద వేలు పెట్టి నొక్కినా ఆ సగం ఎత్తు నుంచి పడిపోకూడదు. పడితే ఆ తుపాకీ వద్దు. నిపుల్ మరలు అరిగి ఉన్నాయేమో చూడాలి. అది మార్చుకోదగిన భాగమే కాబట్టి, దాని కొలతకు సరిపోయే క్యాపులు ఆ దుకాణంలోనే దొరుకుతాయా అని అడగాలి. భుజానికి ఆనే కొయ్య బట్టు పగిలి, తీగ చుట్టి ఉంటే వదిలేయాలి.

ఆఖరున కొలత. మొదటి తుపాకీకి ఒకే గొట్టం ఉండాలి. జంట గొట్టాలది రెండు దెబ్బలిస్తుందన్న ఆశ ఉంటుంది కానీ, కంగారులో ఒకే గొట్టంలో రెండుసార్లు మందు పోసే ప్రమాదం దానితోనే వస్తుంది. ఎత్తి భుజానికి ఆనిస్తే, మెడ వంచకుండా కన్ను గొట్టం వెంట పోవాలి. మరీ తేలికైన తుపాకీ మోయడానికి సుఖం, పేల్చినప్పుడు భుజానికి కష్టం.

పాతది కొంటే, తాతది ఉంటే

నిజంగా తక్కువ ఖర్చులో వచ్చే భర్మారు పాతదే. అయితే ఇది పాత మోటారు కొన్నట్టు కాదు. తన తుపాకీ అమ్మదలచిన లైసెన్సుదారు జిల్లా మేజిస్ట్రేట్‌కో, దగ్గరి ఠాణా అధికారికో రాతపూర్వకంగా తెలిపి, కనీసం 45 రోజులు గడిచాకే ఇవ్వాలి. కొనేవాడి చేతిలో లైసెన్సు అప్పటికే ఉండాలి. ‘డబ్బులివ్వు, కాగితం తర్వాత చూసుకుందాం’ అన్నవాడి దగ్గర కొనవద్దు.

ఇంట్లో తాత తుపాకీ ఉంటే దారి ఇంకా సులువు. లైసెన్సుదారు చనిపోతే వారసులు తమ పేర లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది వచ్చేదాకా తుపాకీని ఆలస్యం చేయకుండా ఠాణాలోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో జమ చేయాలి. ‘తాత పేరు మీద ఉంది కదా’ అని దూలంలో దాచుకుంటే అది లైసెన్సు లేని తుపాకీ కిందే లెక్క. పేల్చడానికీ, బాగుచేయడానికీ ఏ రకంగానూ పనికిరాని పాతకాలపు ఆయుధాలకు మాత్రం చట్టం 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. పనికిరాదన్నది మనం అనుకుంటే సరిపోదు, అధికారులకు చూపి తేల్చుకోవాలి.

ఇక మిగిలింది నాటు తుపాకీ. నీళ్ల పైపుకు బట్టు తగిలించి చాటుగా అమ్మే సరుకు. అన్నిటికన్నా చౌక అదే. అందులోని పైపు ఒత్తిడిని తట్టుకునేలా చేసింది కాదు. పేలితే గురిపెట్టిన వైపు కన్నా పేల్చినవాడి మొహం మీదికే రావచ్చు. పేలకపోయినా, లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకున్నందుకు 2019 సవరణ తర్వాత రెండు నుంచి ఐదేళ్ల జైలు. తయారుచేసి అమ్మినవాడికి ఏడేళ్లకు తగ్గకుండా, యావజ్జీవం దాకా. ఒక్క పంట నష్టంతో పోల్చి చూసుకుంటే ఈ బేరం అర్థమవుతుంది.

పేల్చడం, కడగడం

భర్మారుకు నల్లమందే పోయాలి. ఇప్పటి తూటాల్లో వాడే పొగలేని మందు పోస్తే ఒత్తిడి అనేక రెట్లు పెరిగి గొట్టం చీలుతుంది. టపాసుల మందు, రాళ్లు పేల్చే మందు కూడా పనికిరావు. తయారీదారు చెప్పిన కొలత దాటకూడదు. డబ్బాలోంచి నేరుగా గొట్టంలోకి వంచకూడదు. లోపల నిప్పు కణిక మిగిలి ఉంటే డబ్బా చేతిలోనే పేలుతుంది. చిన్న కొలత పాత్రలో పోసి, దానిలోంచి గొట్టంలో పోయాలి.

గుండు మందు మీద ఆనేదాకా దిగాలి. మధ్యలో ఎక్కడైనా ఆగితే కింద ఖాళీ మిగులుతుంది. పేలినప్పుడు గొట్టం ఉబ్బేది అక్కడే. సరిగ్గా నింపినప్పుడు కడ్డీ ఎంత దిగుతుందో దాని మీద ఒక గీత పెట్టుకుంటే, ప్రతిసారీ ఆ గీతే సాక్ష్యం. క్యాపు పెట్టడం అన్నిటికన్నా చివరి పని. కాల్చే చోటికి చేరాక, వెనక ఏముందో చూశాకే పెట్టాలి.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే మూతిని తిప్పి చూడటం ప్రాణం మీదికి తెస్తుంది. లోపల మందు నెమ్మదిగా రాజుకుంటూ ఉండవచ్చు. మూతిని అటే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగాలి. ఆ నిమిషం ఎంత పొడవో శిక్షణలో ఒకసారి అనుభవిస్తేనే తెలుస్తుంది. శిక్షణ లేకుండా భర్మారు కొనవద్దని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు.

నల్లమందు మసి గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. ఒక్క రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి గొట్టంలో తుప్పు మొదలవుతుంది. అందుకే పేల్చిన రోజే వేడి సబ్బు నీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, నూనె పూయాలి. అలసిపోయి వచ్చి ఈ పని రేపటికి వాయిదా వేసే అలవాటున్నవాడికి ఈ తుపాకీ రెండేళ్లు కూడా ఆగదు.

వీడియోలు చూసి పొరబడవద్దు

కోదాడ, మిర్యాలగూడ నుంచి అమెరికా వెళ్లిన పిల్లలు అక్కడి దుకాణాల్లో ఈ తుపాకులు గోడ నిండా వేలాడటం చూసి, ఇక్కడివాళ్లకు వీడియోలు పంపుతుంటారు. అక్కడ 1968 నాటి సమాఖ్య చట్టం, నల్లమందుతో పనిచేసే చాలా మజిల్ లోడర్లను పురాతన ఆయుధాల కింద లెక్కగట్టి మామూలు తుపాకీ నిబంధనల నుంచి వదిలేసింది. రాష్ట్రాల చట్టాలు మాత్రం వేరువేరుగా ఉంటాయి. వీసా మీద ఉన్నవాళ్లు తమ రాష్ట్రం నియమాలు చూసుకోకుండా చేయి పెట్టకూడదు. మన దగ్గర ఆ మినహాయింపు లేదు. ఒక్క కర్ణాటకలోని కొడగులో మాత్రం కొడవలకు, జమ్మా భూముల హక్కుదారులకు బ్రిటిష్ కాలం నుంచి వస్తున్న ప్రత్యేక మినహాయింపు ఉంది. దాన్ని కేంద్రం 2029 దాకా పొడిగించింది.

పంట కాపలా అవసరం లేదు, గురిచూసి కొట్టడం నేర్చుకోవాలన్న సరదాయే ఉందంటే భర్మారు మీ దారి కాదు. 4.5 మిల్లీమీటర్లు, 20 జౌళ్లు మించని గాలి రైఫిల్‌కు మన దేశంలో లైసెన్సు అక్కర లేదు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల గాలి రైఫిల్ పోటీలోనే. శ్వాస బిగబట్టడం, ట్రిగ్గర్ మీద వేలి ఒత్తిడి, గురి కుదుర్చుకోవడం దానితోనే వస్తాయి. రేపు భర్మారు పట్టినా ఆ విద్య వృథా కాదు. పిట్టల మీద మాత్రం దాన్ని గురిపెట్టకండి.

లెక్క ఇదీ

భర్మారు ఖర్చును తుపాకీ ధరతో కొలవకూడదు. శిక్షణ, లైసెన్సు రుసుము, పరుగులు, మందు, క్యాపులు, తాళం వేసి భద్రపరిచే పెట్టె, ప్రతి ఐదేళ్లకూ పునరుద్ధరణ అన్నీ కలిపితేనే అసలు ధర. ఆ మొత్తంతో ముందు కంచె వేయగలరేమో చూడండి. చాలామంది రైతులకు కంచెతోనే పని తీరుతుంది. తీరనివాళ్లు మాత్రం కాగితం, శిక్షణ, తుపాకీ అన్న వరుస తప్పకుండా నడవాలి. ఒంటి గొట్టం, క్యాపు పద్ధతి, నునుపు గొట్టం, ప్రూఫ్ ముద్ర ఈ నాలుగూ ఉన్న తుపాకీయే మొదటిసారి కొనేవాడికి చాలు. అంతకు మించినదానికి డబ్బు పోయనక్కర లేదు, అంతకు తగ్గినదాన్ని ఉచితంగా ఇచ్చినా తీసుకోనక్కర లేదు.

మొదటి అడుగుకు తుపాకీ అంగడికి పోవద్దు. కోదాడ, సూర్యాపేట రైతులు సూర్యాపేట కలెక్టరేట్‌కు, మిర్యాలగూడ రైతులు నల్లగొండ కలెక్టరేట్‌కు పోయి ఆయుధ లైసెన్సులు చూసే విభాగంలో ఎ-1 ఫారం అడగండి.